కర్రెవ్వ ముక్కు

ఎర్రగుట్ట మీది మేకల మందకి పెద్ద దిక్కు కర్రెవ్వ. నల్లగా, బక్కగా, ఒక కొమ్ము సగానికి విరిగి ఉండేది గానీ, ఆ ముక్కుందే, అబ్బో, దాని ముందు ఎవరి ఆటలూ సాగవు! పొద్దు వాలగానే ముళ్ళకంచె దగ్గర నిలబడి ఒక్కొక్క మేకనూ వాసన చూసేది. మేక వాసన వస్తే లోపలికి. ఇంకే మృగం వాసన తగిలినా బయటే. ముత్తవ్వల నాటి కట్టుబాటు అది, ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు.

ఆ కట్టుబాటుకే బొల్లి బలైంది.

బొల్లి ఇంకా కొమ్ములైనా సరిగ్గా రాని పిల్ల. ఎండాకాలంలో ఉన్నట్టుండి మాయమైపోయింది. గుట్టంతా తిరిగి, పిలిచి పిలిచి తల్లి గొంతు పోయింది. వానలు మొదలయ్యాక ఒక పొద్దున తనంతట తానే కుంటుకుంటూ తిరిగొచ్చింది. మెడ చుట్టూ తీగ కోసుకుపోయిన గాయం, ఒంటి నిండా తోడేలు కంపు. తల్లి ఉరుక్కుంటూ పోయి నాకబోతే కర్రెవ్వ అడ్డం నిలబడింది.

"ఆగవే! ఏ గుహలో ఉండి వచ్చిందో ఏమో. మందంతటికీ కంపు అంటించాలా?"

"నేను పోలేదవ్వా, తీసుకుపోయారు" అంది బొల్లి.

"ఎవరు?"

బొల్లి తల దించుకుంది.

ఇంకేముంది! మేత మేస్తూనే చెవులన్నీ అటే తిరిగాయి. "చెప్పడం లేదంటే ఏదో ఉందిలే" అంది ఒకతి. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటే ఇట్లా అయ్యేదా?" అంది ఇంకొకతి. వాళ్ళకేం, పడినవాళ్ళకి తెలుస్తుంది బాధ. ఆ రోజు నుంచీ బొల్లి కంచె అవతల రాళ్ళ మీద, తల్లి కంచె ఇవతల ముళ్ళకి మూతి ఆనించుకుని.

అట్లా ఉండగా సింగారం వచ్చాడు. సింగారం అంటే పక్క గుట్ట మేకపోతు, మందకి దూరపు చుట్టం, అప్పుడప్పుడూ వచ్చిపోతుంటాడు. దువ్వినట్టుండే గడ్డం, మెడలో గణగణలాడే గంట, నోటి నిండా తియ్యటి తుమ్మకాయలు. కర్రెవ్వ వాసన చూసింది. అచ్చమైన మేక వాసన, పైగా నిమ్మగడ్డి పరిమళం కూడా.

"రా నాయనా రా, చుట్టానివి, బయట నిలబడతావేం?" అని తానే పక్కకి జరిగి దారి ఇచ్చింది.

లోపలికి వెళ్ళీ వెళ్ళగానే సింగారం చూపు కర్రెవ్వ మనవరాలు పుల్లి మీద పడింది. తుమ్మకాయలన్నీ దాని ముందే పోశాడు. "నీ అంత చురుకైన పిల్ల ఈ రాళ్ళ మధ్య ఉండాల్సిందేనా?" అని ముద్దు చేశాడు. చూసి కర్రెవ్వ మురిసిపోయింది కూడాను!

సాయంత్రం కంచె అవతలి నుంచి బొల్లి పిలిచింది. "అవ్వా, ఒక్క మాట. నన్ను తీసుకుపోయింది ఆ సింగారం మామే."

"నోర్ముయ్! నా ముక్కుతో చూశాను, వాడు మేకే."

"మేకే అవ్వా, అందుకే వెంట వెళ్ళాను. తోడేలే వచ్చి పిలిస్తే వెళ్ళేదాన్నా?"

కర్రెవ్వ నెమరు వేసేది ఆపేసింది.

"నన్ను నమ్మకపోతే మానెయ్. మామ నీకు ఏం చెప్పొద్దన్నాడో పుల్లిని అడుగు. అదొక్కటి అడుగు చాలు."

కర్రెవ్వ పుల్లి పక్కన చేరింది. అడిగితే ఆ పిల్ల ముఖం తిప్పుకుంది. గద్దించబోయి తమాయించుకుని, "కోప్పడను తల్లీ, ఒట్టు. నువ్వు ఏం చెప్పినా కోప్పడను" అంది అవ్వ.

పుల్లి గొంతు సన్నగా వచ్చింది. "రేపు మీరంతా నీళ్ళకి దిగినప్పుడు నన్ను పెద్దరాయి వెనక ఉండమన్నాడవ్వా. వాగు అవతల పచ్చిక చూపిస్తాడంట. నీకు చెప్తే వద్దంటావంట, అమ్మ ఏడుస్తుందంట."

కర్రెవ్వకి అప్పుడు తట్టింది. మంచి పచ్చికే అయితే దాచడం దేనికి? ఇన్నాళ్ళూ ముక్కు చూసింది ఒంటిని, మాటని కాదు.

మర్నాడు పొద్దున పెద్దరాయి వెనక సింగారం ఎదురుచూస్తుంటే పుల్లి వచ్చింది. దాని వెనక వాళ్ళమ్మ, ఆ వెనక కర్రెవ్వ, ఆ వెనక కొమ్ములున్న ప్రతి మేకా.

"ఏం సింగారం, మా పిల్లకి పచ్చిక చూపిస్తావంటగా! ఒక్కదానికే ఎందుకయ్యా, అందరం వస్తాం" అంది కర్రెవ్వ.

"అబ్బే, అందరికీ చాలదత్తా."

"చాలకపోతే కంటితో చూసి వస్తాం."

"దారి బాగా ఇరుకు..."

"ఒకరి వెనక ఒకరం నడుస్తాంలే. చుట్టానివి, ముందు నువ్వు నడువు."

సింగారం కాలు ముందుకి పడలేదు. అప్పుడు రాళ్ళ మీది నుంచి బొల్లి దిగి వచ్చింది. వాడి కళ్ళలోకి చూసింది. "నడువు మామా. నీ గంట వినపడితేనే గదా వాగు పొదల్లోంచి వాళ్ళు బయటికొచ్చేది!"

వాడు పారిపోబోయాడు గానీ రెండు పక్కలా కొమ్ములే. నెట్టుకుంటూ నెట్టుకుంటూ వాగు గట్టు మీది నుంచి కిందికి దొర్లించారు. గంట గణగణలాడింది. లేత మాంసం వచ్చిందని తోడేళ్ళు పొదల్లోంచి దూకాయి. గట్టు మీద మందంతా కొమ్ములు వంచి నిలబడి ఉంది. పైకి వచ్చే ధైర్యం వాటికి లేదు, వట్టి కడుపుతో పోయే మనసూ లేదు.

"నేను, నేను! మీవాడినే!" అని గొంతు చించుకున్నాడు సింగారం. ఆకలి మీదున్న తోడేలుకి వాడు ఎన్నడూ చుట్టం కాలేదు. దిక్కుమాలిన బతుకు అట్లా ముగిసింది.

ఆ సాయంత్రం కర్రెవ్వ తన విరిగిన కొమ్ముతోనే ముళ్ళకంప లాగి పక్కన పడేసింది. "లోపలికి రా తల్లీ, పిల్లల నడుమ పడుకో" అంది. వాసన చూడలేదు.

"ఇంతకీ గుహలో ఏం జరిగిందే?" అని ఒకతి మెడ సాచింది.

"దానికి చెప్పాలనిపించినప్పుడు చెప్తుంది, అనిపించకపోతే లేదు. నువ్వు నీ మేత మెయ్యి!" అని కసిరింది కర్రెవ్వ.

తల్లి బయటికి ఉరికి బొల్లి మెడ మీది గాయాన్ని నాకసాగింది. బొల్లి మాత్రం లోపలికి అడుగు పెట్టకుండా అక్కడే నిలబడి అంది: "కండ పట్టేదాకా ఉంచుదామని వాళ్ళు మెడకి కట్టిన తీగ ఎప్పుడో తెగిందవ్వా. వెళ్ళిపోదామనుకున్నప్పుడల్లా మామ నవ్వేవాడు. 'పో, ఆ కంపుతో పోతే నీ మంద నిన్ను రానిస్తుందా?' అనేవాడు. అది నమ్మే అక్కడ ఉండిపోయాను. తీరా తెగించి వచ్చాక, వాడన్నదే నిజమైంది."

కర్రెవ్వ కళ్ళ నీళ్ళు కారుతుంటే, తానే కంచె దాటి బయటికి వెళ్ళి బొల్లి పక్కన నిలబడింది. అది ఎప్పుడు లోపలికి వస్తానంటే అప్పటిదాకా.

తప్పించుకుని వచ్చిన పిల్లని గడప బయట నిలబెట్టే మంద, తోడేలు పనిలో సగం తానే చేసిపెడుతుంది.