సున్నా మిల్లీమీటర్లు

రెండు వందల పదకొండు మందికి పరీక్ష చేస్తే రెండు వందల మూడు మంది ఫలితం చేతికొచ్చింది. నూటికి తొంభై ఆరు. డాక్టర్ ఓబులేశు ఆ ధర్మాసుపత్రిలో చేరేనాటికి ఆ లెక్క నలభై దాటేది కాదు.

కీళ్లవాతం ముదిరినవాళ్లకు అక్కడ ఒక ఇంజక్షన్ ఇస్తారు. ఒంటి రక్షణ బలాన్ని అణచి వాపు తగ్గించే మందు. దాంతో ఒక చిక్కుంది. ఎప్పటినుంచో ఒంట్లో కదలకుండా పడున్న క్షయ క్రిములేమైనా ఉంటే, కాపలా సడలగానే లేచి కూర్చుంటాయి. అందుకే ముందుగా ముంజేతి చర్మంలో చిన్న సూది వేసి, రెండు మూడు రోజుల తర్వాత అక్కడ గట్టిపడిందేమో చూస్తారు. జనం ఎగ్గొట్టేది ఆ రెండో రాకనే. తొంభై కిలోమీటర్లు, రెండు బస్సులు, అదీ వాచిన మోకాళ్లతో.

ఓబులేశు దానికి దారి కనిపెట్టాడు. "మీరు రానక్కర్లేదు. మూడో రోజు పొద్దున సూది వేసిన చోటు ఫోటో తీసి నా ఫోనుకు పంపండి." ఎరుపూ వాపూ కనిపిస్తే పిలిపించేవాడు. కనిపించకపోతే పట్టికలో సున్నా. ఎవరూ అడక్కుండానే, ఆదివారాలు కూర్చుని ఆ పట్టిక కట్టుకున్నాడు. డాక్టర్ల సభలో చెప్పమని పిలుపు కూడా వచ్చింది.

అతనికి పని నేర్పే పెద్ద డాక్టరు ఫిలోమినా గారు అప్పట్లో ఒక్క మాటే అంది. "వాళ్లకు బస్సు తప్పించావు. మంచిదే." అని ఆ పద్ధతి రాసిన కాగితం మీద సంతకం పెట్టింది.

సుంకులమ్మ బడిలో పిల్లలకు అన్నం వండే మనిషి. గంజి వంపలేని చేతులతో వచ్చి, ఇంజక్షన్ మొదలైన రెండో నెలకే డేగిసా ఒంటిచేత్తో దించుతున్నానని చెప్పి నవ్వింది. నాలుగో నెలలో జ్వరం పట్టుకుంది. తీసుకొచ్చేసరికి మనిషి సగానికి సగం అయింది. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా కొర్రగింజలు చల్లినట్టు మచ్చలు. క్షయ.

ఓబులేశు మంచం దగ్గరికి వెళితే, ఆమె ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపింది.

"పోటోలో బాగుంటి గదా సారూ," అంది.

అతను నేరుగా ఫిలోమినా గారి గదికి వెళ్లాడు.

"మేడమ్, ఆమె ఫోటో మళ్లీ చూశాను. సున్నానే. తర్వాత ఎక్కడో కొత్తగా అంటుకుని ఉంటుంది. అయినా రెండు వందల మూడులో ఒకటి. ఏ పరీక్షకైనా ఆ మాత్రం తప్పు ఉంటుంది."

"ఒకటేనా?"

"ఇప్పటికి ఒకటే."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. అతను బయటికొస్తుంటే నర్సును పిలవడం వినిపించింది.

మూడో రోజు పొద్దున ఎప్పటిలాగే ఫోటోలు వచ్చాయి. ఏడు. టీ తాగుతూనే చూసేశాడు. రెండింటిలో ఎరుపు స్పష్టంగా ఉంది. నాలుగో ఫోటోలో ముడతలు పడ్డ నల్లటి ముంజెయ్యి, పెన్నుతో గీసిన గుండ్రం, గుండ్రంలో ఏమీ లేదు. కొత్త నంబరు. పేరు లేదు. పేరు తర్వాత కనుక్కోవచ్చులే అని సున్నా ఎక్కించాడు.

గ్లాసు ఇంకా ఖాళీ కాలేదు. ఫిలోమినా గారు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాలుగోది ఎంత?"

"సున్నా మేడమ్."

"కళ్లు మూసుకో."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మూసుకున్నాడు. ఆమె అతని చూపుడువేలు పట్టుకుని ఎక్కడో మెత్తటి చర్మం మీద పెట్టింది. మెల్లగా జరిపింది. మెత్తగా, మెత్తగా, మెత్తగా. ఉన్నట్టుండి వేలు ఒక గట్టును తట్టుకుని ఆగింది. చర్మం కింద చింతగింజ పెట్టి కుట్టినట్టుంది.

కళ్లు తెరిచాడు. ఆమె చీర కొంగు వెనక్కి తోసి ఉంది. ముడతలు పడ్డ నల్లటి ముంజెయ్యి. పెన్నుతో గీసిన గుండ్రం.

"కొలువు," అంది.

ఈ గట్టు నుంచి ఆ గట్టుకు స్కేలు పెట్టాడు. పదహారు మిల్లీమీటర్లు. తీసి మళ్లీ పెట్టాడు. పదహారే.

"నలభై ఏళ్లు దగ్గేవాళ్ల మధ్య తిరిగాను. నా ఒంట్లో లేకుండా ఎట్లా ఉంటుంది?"

"సుంకులమ్మ చెయ్యి కూడా..."

"ఇప్పుడు తాకితే ఏముంటుంది అక్కడ? ఆ గట్టు ఎప్పుడో అణిగిపోయింది."

కొంగు ముందుకు లాక్కుంది. "ఆ కాగితం కింద నా సంతకమూ ఉంది. అది నేను మోస్తాను. రెండు వందల మూడులో నీ వేలు ఎన్నింటిని తాకింది, ఓబులేశూ?"

ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పే అలవాటు అతనిది. ఈసారి ఆమె లేచి వెళ్లాక పట్టిక తెరిచాడు.

సున్నాలు నూట డెబ్భై నాలుగు. అందులో ఇంజక్షన్ మొదలైనవాళ్లు యాభై ఎనిమిది మంది, సుంకులమ్మతో కలిపి. వాళ్లలో సోమవారం మళ్లీ ఇంజక్షన్ పడాల్సినవాళ్లు పదకొండు మంది. మధ్యలో ఉన్నది రెండు రోజులు. సభలో చెప్పాల్సిన కాగితం ఆ పట్టిక పక్కనే తెరిచి ఉంది. దాన్ని మూసేసి, మొదటి నంబరు నొక్కాడు.

"ఎవరూ? డాక్టర్ సారా! ఏం సారూ, మళ్ల పోటో పంపాల్నా?"

"వద్దన్నా. సోమవారం ఇంజక్షన్ వేయించుకోవద్దు. రాత్రుళ్లు జ్వరం ఏమన్నా వస్తోందా?"

"అదేందో సారూ, పది దినాల నుంచి... వానలకేమో అనుకుంటి."

ఓబులేశు స్కేలు జేబులో పెట్టుకున్నాడు.

"ఇంట్లోనే ఉండన్నా. నేనే వస్తున్నా, ఎక్స్‌రేకు తీసుకుపోతా," అని, బండి తాళం కోసం వెతుకుతూనే రెండో నంబరు నొక్కాడు.