రెండు గుమ్మాల జోల

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నేను నిన్న కలిపిన గోంగూర జాడీ అంతా బూజు పట్టిపోవాలి. ఇంత ప్రమాణం చేశాక కూడా నమ్మకపోతే ఆ పాపం నీదే అమ్మాయ్.

ఒక కోట ఉండేది. దాని కాపలావాళ్ళు ఎంతమందంటే, అందరూ ఒకేసారి తుమ్మితే పక్క దేశంలో పంటలు తడిసేవి. కోటలో పుట్టిన ప్రతివాడి అరచేతిలోనూ ఒకే రకం పచ్చబొట్టు ఉండేది. కాపలావాడు ఎదురుపడితే చెయ్యి చూపించాలి. బొట్టు సరిగ్గా ఉంటే దారి వదులుతారు. లేదంటే పొడిచేస్తారు. పేరు ఆ తర్వాత అడుగుతారు.

వాళ్ళందరికీ పెద్ద దళవాయి. అతను ఇంకా మలుపు తిరగకముందే మీసాలు వచ్చి వీధివాళ్ళని హెచ్చరించేవి. ఒక్క చెల్లెలు తప్ప అతనికి నా అన్నవాళ్ళు లేరు.

ఒకనాడు కోట నడిమి గదిలో ఎవరో కొత్తవాడు దిగాడని గోల పుట్టింది. దళవాయి ఈటెల దండుతో ఊడిపడ్డాడు. గదిలో ఉయ్యాల ఉంది. ఉయ్యాల్లో ఆవగింజంత అతిథి ఉన్నాడు. ఆ ఆవగింజకే ఒక చెయ్యి, ఆ చేతికో బొట్టు. బొట్టులో సగం కోటది. తక్కిన సగం ఏ దేశపుదో!



"సగం పరాయివాడు! మన నట్టింట్లో!" అని ఈటె ఎత్తాడు.

ఆ బిడ్డని కాచుకుని గుమ్మంలో కూర్చున్న జోలమ్మ అనే ఆవిడ లేవనైనా లేవలేదు. ఉయ్యాల తాడు లాగుతూ జోల ఎత్తుకుంది.

అది ఏం జోలో గాని, ఎత్తిన ఈటెలన్నీ నిద్రొచ్చినట్టు తలలు వాల్చేశాయి. పొడవడానికొచ్చినవాళ్ళు గునపాలు పట్టుకుని కాలవలు వెడల్పు చేశారు. ఆ గదికి ఎన్ని నీళ్ళు మళ్ళించారంటే, గుమ్మం ముందు పడవలు తిరిగాయి. దళవాయి మీసాలు పైకి కట్టుకుని స్వయంగా మట్టి మోశాడు.

"ఇదిగో నాయనా," అంది జోలమ్మ, ఉయ్యాల మీద గుడ్డ కప్పుతూ. "ఈ గుడ్డ ఎవరూ ఎత్తకూడదు. దిష్టి తగులుతుంది. జోల వినిపిస్తే లోపల బిడ్డ ఉన్నట్టే. చెయ్యి చూపించమని అడక్కుండా వెళ్ళిపోండి."

"అలాగేనమ్మా," అన్నాడు దళవాయి. ఆనాటి నుంచి కోటంతటికీ అదే కట్టుబాటయింది.

బిడ్డ ఎదుగుతున్నాడు. గుడ్డ కింద నుంచి చిట్టి చెయ్యి బయటికి రావడం కూడా మొదలైంది. అప్పుడే దళవాయి చెల్లెలు కొంగు బిగించి వచ్చింది.

"అన్నయ్యా, మీసాలకి నూనె పట్టించడం అయిపోతే ఒకసారి మా సందుకి వస్తావా? పక్కింటివాడు నా వంటిల్లు మింగేశాడు."

"మింగడమేమిటే? వాడేమైనా కొండచిలువా?"

"గది మీద గది వేస్తున్నాడు. నిన్న వాడి గోడ నా పొయ్యి పక్కకొచ్చింది. ఇవాళ నేను వాడింట్లో అన్నం వండుకుంటున్నాను! వీధి కాలవంతా వాడి పెరట్లోకే పోతోంది."

"మరి మావాళ్ళేం చేస్తున్నారు?"

"ఏం చేస్తారు? వాడికి ఇటుకలందిస్తున్నారు!"

దళవాయి నోరు తెరిచాడు. ఒక పిచ్చుక అందులో దూరి, గూటికి పనికొస్తుందో లేదో చూసుకుని బయటికి కూడా వచ్చేసింది. ఆ నోరు మాత్రం మూతపడలేదు.

సందులోకి వెళ్ళి చూస్తే చెల్లెలు చెప్పినదే తక్కువ. పై గదులు మబ్బుల్ని గీరుతున్నాయి. లోపలి గదులకి వాకిళ్ళే లేవు. గుమ్మంలో కాపలావాళ్ళు ఇటుకలు ఒళ్ళో పెట్టుకుని తలలూపుతున్నారు. లోపల నుంచి జోల వినిపిస్తోంది. అదే రాగం. అదే గొంతు.

దళవాయి నడిమి గదికి పరుగెత్తాడు.

"అమ్మా! ఆ సందులో నీకేం పని?"

జోలమ్మ తన గుమ్మంలోనే ఉంది. "నేనీ చోటు ఎప్పుడు వదిలాను నాయనా?"

"మరి అక్కడ పాడేదెవరు?"

ఆమె చేతిలో తాడు ఒక్క క్షణం ఆగింది.

"ఈ కోటలో అందరూ ఉయ్యాల్లో పెరిగినవాళ్ళే. ఈ జోల అందరూ విన్నదే. పెద్దయ్యాక మరిచిపోతారనుకున్నాను."

దళవాయి సందుకి తిరిగొచ్చి, ఆ కోటలో ఎవరూ చెయ్యని పని చేశాడు. పక్కింటివాడి నట్టింట్లోనూ గుడ్డ కప్పిన ఉయ్యాల ఉంటే, ఆ గుడ్డ లాగేశాడు.

అందులో బిడ్డ లేడు. మీసాలొచ్చిన ఆ పక్కింటివాడే మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకున్నాడు. ఈ కోటలో పుట్టినవాడే, కాని అరచేతిలో బొట్టు గీకి గీకి చెరిపేసుకున్నాడు. కళ్ళు మూసుకుని, జోలమ్మ గొంతుతో, తనకు తానే జోల పాడుకుంటున్నాడు.

దళవాయి ఈటె ఎత్తాడు. చెయ్యి దానంతటదే దిగిపోయింది. మళ్ళీ ఎత్తాడు. చూసుకునేసరికి చేతిలో ఇటుక ఉంది.

"ఓరి దేవుడా, నువ్వు కూడానా!" చెల్లెలు తలగడ చించి, ఇంత దూది తీసి అతని చెవుల్లో కుక్కింది.

ఈసారి ఎత్తిన చెయ్యి కిందికి దిగలేదు. వాడు కళ్ళు తెరిచాడు. ఇల్లు పునాదిదాకా వణికింది.

"అందరూ చెవులు మూసుకోండి!" దళవాయి వేసిన కేకకి కోటలో పరుపులన్నీ చిరిగిపోయాయి. ఆ దూది చెవుల్లో కుక్కుకున్న కాపలావాళ్ళు విరుచుకుపడ్డారు. గదులు పేకముక్కల్లా కూలాయి. శిథిలాల్లోంచి చెల్లెలి పొయ్యి బయటపడింది. ఆమె దాన్ని బిడ్డలా వాటేసుకుంది.

దళవాయి నవ్వుతూ వెనక్కి తిరిగాడు. ఆ నవ్వు అలాగే గడ్డకట్టుకుపోయింది.

నడిమి గది చుట్టూ ఈటెలు లేచి ఉన్నాయి. చెవుల్లో దూది ఉన్నవాళ్ళకి జోల లేదు, గుడ్డ బయటి చేతిలో సగం పరాయి బొట్టే ఉంది. జోలమ్మ మెడ నరాలు తాళ్ళలా లేచేలా పాడుతోంది. దళవాయికి ఆమె నోరు కదలడం మాత్రమే కనిపించింది. ఒక ఈటె మొన ఉయ్యాల గుడ్డని అప్పటికే చీల్చింది.

అతను తన దూది పీకేసుకుని పరుగెత్తాడు. సందు నుంచి నడిమి గదిదాకా అందినవాడి చెవిలోదల్లా లాగేశాడు. ఈటె బిడ్డ గుండెకి నూలుపోగంత దూరంలో ఆగిపోయింది. ఆ క్షణంలోనే సందులో శిథిలాల కింద నుంచి వాడి జోల కూడా మళ్ళీ వినిపించింది. ఇటుకలు కదిలాయి.

ఇప్పుడు దళవాయి రెండు గుమ్మాలకీ నడుమ నిలబడ్డాడు. "నా ఇల్లు, అన్నయ్యా!" అని ఒక రెక్క లాగుతోంది చెల్లెలు. "నా బిడ్డ, నాయనా!" అని రెండో రెక్క లాగుతోంది జోలమ్మ.

అలా కథ వింటూ కళ్ళప్పగించి కూర్చున్నావేమే అమ్మాయ్? లే. ఈ దూది ఉండ తీసుకో. సందులో ఉన్న కాపలావాళ్ళ చెవుల్లోనే పెట్టి రా. ఒక్క పింజ కూడా నడిమి గది వైపు పోకూడదు. గాలి అటే వీస్తోంది, పిడికిలి బిగించు.