ములకలగరువులో తెవిత క్రిస్మస్ ఫోను

అనగనగా ములకలగరువు. ఊరంతటికీ ఒకే ఒక్క ఫోను. అది బియ్యం మిల్లు భద్రం గారిది. అది మోగిందంటే ఎక్కడో ఎవరో పోయారన్నమాటే. అంచేత దాన్ని చూస్తేనే జనానికి గుండె దడ. సెల్లులు చేతపట్టుకుని పుట్టిన మీకు ఈ కథ ఎలా ఎక్కుతుందో ఏమో గానీ, వినండర్రా.

ములకలగరువు వాళ్ళకి అనుమానం ఉగ్గుపాలతోనే అబ్బింది. పాలు చిక్కగా ఉంటే పిండి కలిపావంటారు, పల్చగా ఉంటే నీళ్ళు కలిపావంటారు. అల్లుడు నాలుగు రోజులుంటే ఉద్యోగం ఊడిందంటారు, ఒక్క పూటకే వెళ్ళిపోతే అమ్మాయితో పడట్లేదంటారు. దేనికైనా ఆ ఊరి మాట ఒక్కటే. "ఏదో ఉంది!"

అలాంటి ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు బస్సు దిగారు. తెల్ల చొక్కాలు, మెడకి టైలు, జేబు మీద నల్ల బిళ్ళలు. మార్మన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ళంట. ఇల్లూ వాకిలీ వదిలేసి రెండేళ్ళు దేవుడి పని మీద తిరగాలంట. ఒకడు దానియేలు, బెంగుళూరు వాడు, తెలుగు బాగానే వచ్చు. రెండోవాడు తెవిత, సముద్రాల అవతల ఏదో దీవి వాడు. గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు, అంత మనిషి. తెలుగు మాత్రం నాలుగు ముక్కలే. బిళ్ళ మీద వాడి పేరుకి ముందు 'ఎల్డర్' అని ఉంది. అంటే పెద్ద అంట! మీసం కూడా సరిగ్గా రానివాడు పెద్దేంటండీ, చోద్యం కాకపోతే?

మంగాయమ్మ అని ఒక విధవరాలు తన వీధిగది వాళ్ళకి అద్దెకిచ్చింది. ఇచ్చిన రోజే టీ పెట్టి పట్టుకెళ్ళింది. తెవిత చేతులు జోడించి వద్దన్నాడు. పోనీలే అని మర్నాడు కాఫీ పట్టుకెళ్ళింది. వద్దన్నాడు. వాళ్ళ సంఘంలో టీ కాఫీలు తాగకూడదంట, వేడినీళ్ళు చాలన్నాడు. మంగాయమ్మ ఖాళీ చెయ్యని గ్లాసు పట్టుకుని వీధంతా తిరిగి చూపించింది.

"ఏదో ఉంది!" అంది ఊరు.

తర్వాత తెవిత మిల్లుకెళ్ళి ధాన్యం బస్తాలు మోస్తానన్నాడు. కూలి వద్దన్నాడు. జట్టు కూలీలు వాణ్ణి ఎగాదిగా చూశారు. ఊరికే మోసేవాడు ఊరికే ఎందుకు మోస్తాడు? మన పొట్ట కొట్టడానికా, మిల్లు గుట్టు లాగడానికా?

"ఏదో ఉంది!" అంది ఊరు.

ఇంకోటి. వీళ్ళు ఎక్కడికెళ్ళినా ఇద్దరే. కూరగాయలకీ ఇద్దరే, కాలవకీ ఇద్దరే. ఒంటరిగా తిరగకూడదని వాళ్ళ సంఘం కట్టుబాటు. పేటలో చర్చికెళ్ళే వాళ్ళు కూడా నమ్మలేదు. "మన బైబిలు కాకుండా ఇంకో పుస్తకం కూడా చదువుతారంట. ఒకడి మీద ఒకడు కాపలా ఏమో!"

"ఏదో ఉంది!" అంది ఊరు. ఈసారి గట్టిగానే అంది.

ఇంతలో క్రిస్మస్ దగ్గరపడింది. పేటలో ఇంటింటికీ కాగితం నక్షత్రాలు వెలిశాయి. వాటి కింద నడుస్తూ తెవిత దిగులు పడిపోయాడు. దానియేలే మంగాయమ్మకి సంగతి చెప్పాడు. ఇంటికి ఫోను చేసుకోడానికి ఏడాదిలో రెండుసార్లే సెలవుందంట. క్రిస్మస్‌కి ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. వాళ్ళమ్మ ఉండే దీవిలో ఫోను లేదు. ఈ పండక్కి కొడుకు గొంతు వినాలని పడవెక్కి ఇంకో దీవికి వస్తోందంట. ఇది తప్పితే మళ్ళీ ఎండాకాలమే.

తెవిత భద్రం గారి దగ్గరికెళ్ళాడు. "లైను పాడైంది," అన్నారు భద్రం గారు. ఆ మాట వెనకాలే ఫోను మోగింది. ఆయన దాని మీద తువ్వాలు కప్పేశారు.

రెండోసారి వెళ్ళాడు. "ఊళ్ళో అడిగి చెబుతా," అన్నారు.

మూడోసారి వెళ్ళేసరికి ఊరంతా మిల్లు అరుగు మీదే ఉంది. భద్రం గారు గొంతు సవరించుకున్నారు. "ఫోనిస్తాం. కానీ మాకు తెలీని భాషలో మాట్లాడ్డానికి వీల్లేదు. మా ఊరి సంగతులు నువ్వెవరికి చేరేస్తున్నావో మాకేం తెలుసు?"

దానియేలు కంగారుపడ్డాడు. "వాళ్ళమ్మకి ఇంగ్లీషు కూడా రాదండి! వాళ్ళ భాష తప్ప ఇంకేదీ రాదు!"

"అయితే మానుకోమను."

తెవితకి దానియేలు విడమరిచి చెప్పాడు.  అమ్మ అప్పటికే పడవెక్కేసింది. తెవిత సరేనని తలూపి, భద్రం గారి చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

క్రిస్మస్ నాడు పొద్దున్నే ట్రంకాలు బుక్ చేశారు, మాట్లాడ్డానికి మూడే నిమిషాలు. ఇక్కడ ఎండెక్కుతుంటే అక్కడ దీపాలు పెట్టే వేళంట. మిల్లు ఆపేశారు. చర్చి నుంచి వచ్చినవాళ్ళు కొత్తబట్టలతోనే వచ్చి కూర్చున్నారు. అందరి చెవులూ ఫోను మీదే.

మోగింది. తెవిత అందుకున్నాడు. అవతల ఆడమనిషి గొంతు, బావిలోంచి వచ్చినట్టు సన్నగా. ఏమందో ఎవరికీ తెలీలేదు గానీ, బిడ్డని పిలుస్తోందని అందరికీ తెలిసింది.

 తెవిత జనం వైపు చూశాడు. భద్రం గారు వేలెత్తి గుర్తు చేశారు. అప్పుడు వాడు తెలుగులో అన్నాడు.

"అమ్మా. బాగున్నారా?"

అవతల మాట ఆగిపోయింది.

"నేను బాగున్నాను. అన్నం తిన్నారా?"

ఇవన్నీ మన గుమ్మాల్లో నేర్చుకున్న మాటలేనర్రా. రోజూ మనతో అనే మాటలే. మనం తలుపు మొహాన వేసినప్పుడు అనే మాట కూడా వాడికి బాగా వచ్చు. అదీ అనేశాడు.

"పర్లేదమ్మా. మళ్ళీ వస్తాను."

అవతల ఆ తల్లి ఏదో అడుగుతోంది, మళ్ళీ మళ్ళీ అదే అడుగుతోంది. వాడి కళ్ళు ధారలు కడుతున్నాయి. "బాగున్నాను, బాగున్నాను," అని తప్ప ఇంకో ముక్క లేదు వాడి దగ్గర.

మంగాయమ్మ ఇంక ఆగలేకపోయింది. ఒక్క ఉదుటున లేచి ఫోను లాక్కుంది. "వదినగారూ! నేనండీ, మంగాయమ్మని! మీవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. బంగారంలాంటి పిల్లాడు. టీ ఒక్కటీ తాగడు, అదొక్కటే నాకు బెంగ. జ్వరమొస్తే నేను చూసుకుంటాను, మీరేం దిగులు పడకండి!" అవతలావిడ తన భాషలో ఏదో అంది. "ఆఁ, అంతేనండీ, అంతే!" అంది మంగాయమ్మ, అన్నీ తెలిసినట్టే. అలా ఇద్దరూ ఏడుస్తూ మాట్లాడుకున్నారు. అప్పుడు మంగాయమ్మ భద్రం గారి వైపు తిరిగి ఒక్క చూపు చూసి, ఫోను తెవిత చేతిలో పెట్టింది.

"నీ భాషలో మాట్లాడుకో నాయనా! ఎవడడ్డొస్తాడో నేనూ చూస్తాను!"

"మాట్లాడు, మాట్లాడు," అన్నారు భద్రం గారు తలదించుకుని.

తెవిత ఫోను చెవిన పెట్టుకున్నాడు. మూడు నిమిషాలు అయిపోయాయి. లైను కట్టయిపోయింది.

సాయంత్రం దాకా ప్రయత్నించినా మళ్ళీ కలవలేదు. తెవిత ఎవర్నీ ఒక్క మాట అనలేదు. కొన్నాళ్ళకి వాళ్ళిద్దరికీ వేరే ఊరు పడింది. "ఎండాకాలం ఇక్కడికే రా, అందర్నీ తోలేసి గదిలో నిన్నొక్కణ్ణే కూర్చోబెడతాను," అన్నారు భద్రం గారు. వాడు రాలేదు.

ఏళ్ళు గడిచాయి. దానియేలు ఒకసారి ఊరొచ్చాడు, నెత్తి నెరిసింది. ఆ ఎండాకాలం రాకుండానే తెవిత తల్లి పోయిందని చెప్పాడు. గడువు తీరాక తెవిత తన దీవికెళ్ళి చేపలు పట్టుకు బతికాడంట. ఇప్పుడు వాడూ పోయాడంట.  "ఆ మూడు నిమిషాలూ నేను తినేశాను బాబూ," అంది మంగాయమ్మ.

"లేదమ్మా," అన్నాడు దానియేలు. "ఆవిడ పోయేదాకా ఊరందరికీ చెప్పుకుందంట. నా కొడుక్కి అక్కడొక అమ్మ దొరికింది, గొంతు విన్నాను, చాలా గట్టి గొంతు, ఇంక నాకు భయం లేదు అని."

మంగాయమ్మ మనసు కోసం దానియేలు అల్లి చెప్పాడని ఊళ్ళో సగం మందికి ఇప్పటికీ అనుమానమే. ఉండనీండి.

కానీ ఆ క్రిస్మస్ నుంచీ ములకలగరువులో ఈ ఒక్క అలవాటూ మారలేదు. ఇటుక బట్టీకొచ్చిన ఒడియా వాడైనా, చేపల చెరువు మీద అస్సాం కుర్రాడైనా, ఫోను చెవిన పెట్టి తన భాషలో "అమ్మా" అన్నాడనుకోండి, అరుగు మీద వాళ్ళంతా లేచి దూరంగా వెళ్ళిపోతారు. ముసలాళ్ళు కూడా మోకాళ్ళు పట్టుకుని లేస్తారు. లేవనివాణ్ణి పక్కవాడు మోచేత్తో పొడిచి, "తెవితకి చోటివ్వరా," అంటాడు. వాడు మాట్లాడి ఫోను జేబులో పెట్టుకున్నాకే మళ్ళీ వచ్చి కూర్చుంటాం. ఏం మాట్లాడావురా అని అడగం. అడగాలని నాలుక పీకుతుంది, నిజం చెప్పొద్దూ! అయినా అడగం.