నీళ్లు కదలని చోటు

శశిభూషణ్ కాంతి చుక్క నిలబడటం లేదు.

అతను యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబులో పిహెచ్‌డి చేస్తున్నాడు. ఆవగింజంత అద్దాన్ని సన్నటి దారానికి వేలాడదీసి గాజుపెట్టెలో పెట్టాడు. అద్దం మీద పడ్డ వెలుతురు ఎదురుగా ఉన్న స్కేలు మీద చుక్కగా కనిపిస్తుంది. ఊపిరంత బలం తగిలినా ఆ చుక్క జరుగుతుంది. ఎంత జరిగిందో కొలవడమే అతని పరిశోధన. కొలవాలంటే ముందు అది ఒకచోట నిలబడాలి కదా. అదేమో చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

మర్నాడు పొద్దున అతని పని చూడటానికి కమిటీ వస్తుంది. ఈసారి కూడా చుక్క నిలబడకపోతే ఫెలోషిప్ ఆపేస్తామని వాళ్లు కిందటిసారే ముఖం మీద చెప్పి వెళ్లారు. ఫెలోషిప్ ఆగితే అతని చదువు ఆగినట్టే.

కారణం తెలియక కాదు. గేటు ముందు ఫ్లైఓవర్ కడుతున్నారు. స్తంభాల కోసం యంత్రంతో భూమిని మోదుతూనే ఉన్నారు. అతను పెట్టె కింద ఇసుక పోసి చూశాడు. సైకిల్ ట్యూబుల్లో గాలి కొట్టి వాటి మీద పెట్టి చూశాడు. స్పాంజీలూ టెన్నిస్ బంతులూ కూడా అయ్యాయి. చేయనిది ఒక్కటే, తలుపు తీసుకుని బయటికి వెళ్లి ఎవరినైనా అడగడం.

పరిశోధన చేసే పిల్లల్లో తెలివైనవాళ్లకి ఈ తెగులు ఎక్కువ. ఒకరిని ఏదైనా అడిగితే ఆ మేరకు తమ తెలివి తరిగిపోతుందనుకుంటారు. శశిభూషణ్ చాలా తెలివైనవాడు.

భోజనాల వేళ దాటాక అతని గురువు నరహరి మాస్టారు ల్యాబులోకి వచ్చారు.

"ఏమయ్యా, నిలబడిందా?"

"లేదు మాస్టారూ. ట్యూబుల్లో గాలి తగ్గించి చూస్తున్నాను. సాయంత్రానికి సాధిస్తాను."

"ఎవరినైనా అడిగావా?"

"ఇది నా ప్రయోగం మాస్టారూ. నేనే చూసుకుంటాను."

మాస్టారు మూలనున్న కూజాలోంచి స్టీలు గ్లాసులోకి నీళ్లు వంచి బల్ల మీద పెట్టారు. నీళ్ల మీద సన్నటి వలయాలు లేచాయి. ఆయన కాసేపు వాటిని చూసి, గ్లాసు చేత్తో పట్టుకుని బయటికి నడిచారు. గుమ్మం దగ్గర ఆగి "రా" అన్నారు.

గురువు రమ్మంటే రాననలేడు. శశిభూషణ్ చుక్క వైపు ఒకసారి చూసి వెనకే వెళ్లాడు.

మాస్టారు వరండాలో గ్లాసు కింద పెట్టి వంగి చూశారు. వలయాలు. మెట్ల కింద పెట్టారు. వలయాలు. కెమిస్ట్రీ వాళ్ల గుమ్మంలో పెడితే అక్కడి పిల్లలు పనులు ఆపి మరీ చూశారు. అక్కణ్ణుంచి ఆయన తిన్నగా లైబ్రరీకి వెళ్లి, కౌంటర్‌లో ఉన్నావిడ ముందు నిలబడ్డారు.

"అమ్మా, ఈ క్యాంపస్‌లో నీళ్లు కదలని చోటు ఎక్కడైనా ఉందా?"

ఆవిడ గ్లాసునీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. నవ్వాలో వద్దో తెలియక, "కింద పాత పత్రికల గది చూడండి సార్, అక్కడ ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉంటుంది" అంది. పత్రికల గది నిశ్శబ్దంగానే ఉంది. నీళ్లు మాత్రం వణికాయి.

బయట ఎండ మండిపోతోంది. శశిభూషణ్‌కి అంతకంటే ఎక్కువగా ఒళ్లు మండుతోంది. అక్కడ ప్రయోగం తగలడిపోతుంటే ఇక్కడ గ్లాసు పట్టుకుని ఊరేగింపా అనుకున్నాడు. పైగా వీళ్లందరూ అతనికి ముఖాలు మాత్రమే తెలిసిన మనుషులు. రేపు కమిటీ తనను పంపించేస్తే, మాస్టారితో గ్లాసు వెంట తిరిగిన కుర్రాడు ఇతనే అని చెప్పుకుంటారు.

"మాస్టారూ, నాకు టైము లేదు. అందరూ నవ్వుతున్నారు."

"నన్ను చూసి కదా నవ్వేది. నీకేం?"

ఆయన క్యాంటీన్‌లోకి వెళ్లి ఒక బల్ల మీద గ్లాసు పెట్టి, చుట్టూ ఉన్నవాళ్లను అదే ప్రశ్న అడిగారు. కొందరు నిజంగానే నవ్వారు. సివిల్ ఇంజనీరింగ్ కుర్రాడొకడు మాత్రం దోసె పక్కకు జరిపి ఆలోచించాడు.

"బిల్డింగ్ లోపల ఎక్కడ పెట్టినా కదుల్తాది సార్. బిల్డింగ్ అంతా ఒకటే కదా, ఒక మూల ఊగితే మొత్తం ఊగుతాది. బిల్డింగ్‌ని అంటుకోనిది ఏదైనా కావాలండి."

"అలాంటిది ఎవరికి అవసరం ఉంటుందంటావు?"

పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న స్టాటిస్టిక్స్ లెక్చరర్ సువార్తమ్మ గారు ఇటు తిరిగారు.

"భూకంపాలు కొలిచేవాళ్లకి అవసరమేగా నరహరి గారూ. నేల తప్ప ఇంకేమీ వాళ్ల యంత్రాన్ని కదపకూడదు. జియోఫిజిక్స్ వాళ్లని అడగండి."

జియోఫిజిక్స్ భవనం ఆటస్థలానికి అవతల, గేటుకి బాగా ఎడంగా ఉంది. శశిభూషణ్ అటువైపు ఎప్పుడూ వెళ్లలేదు. మూసి ఉన్న తలుపు తట్టి మాస్టారు గ్లాసు అతని చేతిలో పెట్టారు.

"నువ్వు అడుగు."

తలుపు తీసిన అమ్మాయిని చూడగానే అతను గుర్తుపట్టాడు. ఆమె అక్కడ పరిశోధన చేస్తున్న తబస్సుమ్. ఆమె కూడా అతన్ని గుర్తుపట్టింది.

"మీరు ఫిజిక్స్ కదా? వాక్యూమ్ పంపు కోసం వచ్చాను ఒకసారి మీ ల్యాబుకి."

వచ్చింది. తన పంపు కాలిపోయిందనీ ఒక్క పూట ఇస్తే చాలనీ అడిగింది. అతను తలుపు సగమే తీసి, మా సామాను బయటికి ఇవ్వం అన్నాడు. అప్పుడు పంపు బల్ల కింద ఖాళీగా పడి ఉంది.

శశిభూషణ్ సాయం కోసం గురువు వైపు చూశాడు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, వరండాలో అద్దాల బీరువాలోని రాళ్ల పేర్లు శ్రద్ధగా చదువుతున్నారు. వినపడనట్టే ఉన్నారు.

"చెప్పండి, ఏం కావాలి?" అంది తబస్సుమ్.

చేతిలో గ్లాసు వణికి నీళ్లు వేళ్ల మీద ఒలికాయి. ఈ వణుకు ఫ్లైఓవర్‌ది కాదు.

"నా పెట్టె పెట్టుకోవడానికి కదలని చోటు కావాలి. నేను చాలా ప్రయత్నించాను, నా వల్ల కాలేదు. రేపు పొద్దున కమిటీ. ఇవాళ కుదరకపోతే నన్ను పంపించేస్తారు." ఆగి, తల వంచుకున్నాడు. "మీరు కాదన్నా నేనేమీ అనుకోను. ఆ రోజు పంపు ఖాళీగానే ఉంది. ఉండి కూడా ఇవ్వలేదు."

తబస్సుమ్ తలుపు మీది చెయ్యి తీయలేదు.

"ఆ వారం నా శాంపుల్స్ పాడైపోయాయి," అంది. "ఆ రాళ్ల కోసం మళ్లీ కొండలెక్కాల్సి వచ్చింది."

"క్షమించండి."

ఆమె అతని ముఖంలోకి, తర్వాత గ్లాసులోకి చూసింది. తలుపు పూర్తిగా తీసింది.

"చెప్పులు బయట విప్పండి. లోపల అడుగు మెల్లగా వేయాలి."

గది మధ్యలో నడుమెత్తు రాతిస్తంభం ఉంది. దానికీ గది నేలకీ మధ్య చుట్టూ జానెడు సందు వదిలారు. అది గదిని ఎక్కడా తాకకుండా కింద బండరాతి దాకా దిగిందని ఆమె చెప్పింది. దాని మీద ఉండే యంత్రాన్ని బాగుచేయడానికి పంపారనీ, అది వచ్చేదాకా వాడుకోమనీ అంది. శశిభూషణ్ గ్లాసు స్తంభం మీద పెట్టి వెనక్కి తగ్గాడు. దూరంగా ఫ్లైఓవర్ మోత వినిపిస్తూనే ఉంది. మాస్టారు కూడా లోపలికి వచ్చాక ముగ్గురూ వంగి చూశారు. నీళ్లలో ట్యూబ్‌లైటు తిన్నగా, విరగకుండా కనిపించింది.

గాజుపెట్టెని శశిభూషణ్, తబస్సుమ్ చెరోవైపు పట్టుకుని ఆటస్థలం మీదుగా మోసుకొచ్చారు. మాస్టారు దీపమూ స్కేలూ పట్టుకున్నారు. పొద్దు వాలే వేళకు అన్నీ అమర్చడం అయింది. చుక్క మొదట అటూ ఇటూ ఊగింది. ఊగడం తగ్గింది. శశిభూషణ్ ఊపిరి బిగబట్టాడు. చుక్క స్కేలు మీద ఒక గీత దగ్గర ఆగిపోయి, ఇక కదల్లేదు. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి, వాళ్లిద్దరి ముందూ.

తబస్సుమ్ టీ తెస్తానని వెళ్లింది. గదిలో గురుశిష్యులిద్దరే మిగిలారు.

"మాస్టారూ," అన్నాడు శశిభూషణ్ మెల్లగా, "ఈ స్తంభం సంగతి మీకు ముందే తెలుసు. నాకు బుద్ధి చెప్పడానికే అన్నిచోట్లా తిప్పారు."

మాస్టారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

"నాకేం తెలుసయ్యా? ఇన్నేళ్లుగా ఈ క్యాంపస్‌లో ఉన్నాను. ఈ గది గుమ్మం తొక్కడం ఇవాళే."