ఓడినవాడు లేని ఆట

“పోయిందోయ్, పోయింది! మన బంతి పోయింది!”

అనగనగా ఒక అడవిలో, ఒక పొద్దున్నే వీధి చివర్నుంచి వినబడ్డ కేక ఇది. అడవిలో వీధేమిటి బాబాయ్ అనకండి. పదిమంది రోజూ నడిచే దారైతే అది వీధే. ఈ వీధి వాగు పక్కనుంచి బయల్దేరి ఆటమైదానం దాకా పోతుంది. అరుస్తున్నది తీతువు పిట్ట. ఆటలో ఈల వేసేది కూడా అదే. అందుకని దాని గొంతు అడవిలో తెలియనివాళ్ళు లేరు.

అందరికంటే ముందు గుమ్మంలోకి వచ్చింది సూదమ్మ. సూదమ్మ అంటే ఏదుపంది. ఒళ్ళంతా ముళ్ళు, నోరంతా మాటలు.

“ఏ బంతే? తన్నే బంతా, తినే బంతా?” అని అడిగింది.

“రెండూనమ్మా, రెండూ!” అంది తీతువు రొప్పుతూ.

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగి మీకో సంగతి చెప్పాలి. ఆ అడవిలో బంతి అంటే రెండున్నాయి. ఒకటి కాలితో తన్నే బంతి. మీరు ఫుట్‌బాల్ అంటారే, ఆ ఆటే. బూరుగు దూది కుక్కి, పైన అడ్డతీగ నార బిగించి చుడితే అదే వాళ్ళ బంతి. రెండోది, ఆట అయ్యాక అందరూ వరసగా కూర్చుని భోంచేసే బంతి. దానికి విస్తళ్ళు కుట్టేది కూడా ఆ అడ్డతీగ ఆకులతోనే. చూశారా, తీగా ఒకటే, మాటా ఒకటే!

ఆ భోజనానికి ఒక కట్టుబాటుంది. ఓడిన జట్టు పెద్ద అందరికీ వడ్డించాలి. గెలిచిన జట్టు పెద్ద అందరి ఎంగిలాకులూ ఎత్తాలి. అంతే. కడుపునిండా పెట్టినవాణ్ణి పట్టుకుని ఓడిపోయావని ఎవరు వెక్కిరిస్తారు? ఎంగిలాకులు ఎత్తుతూ నడుం వంచినవాడు గెలిచానని ఎంతసేపు విర్రవీగుతాడు?

ఈ బంతిలో సూదమ్మ పక్కన కూర్చోవాలంటే అందరికీ భయం. ముద్ద ముద్దకీ ముళ్ళు గుచ్చుకుంటాయి మరి. కూర్చోగలిగినవాడు ఒక్కడే, ఎలుగుబంటి జుంటయ్య. వాడి బొచ్చు అంత దట్టం! జుంటయ్య వాగుగట్టు జట్టుకి పెద్ద. సూదమ్మ ఆ జట్టంటే ప్రాణం పెడుతుంది. కానీ తన్నే బంతి దగ్గరికి మాత్రం రాదు. వస్తే దూది బయటికొస్తుందని దానికి తెలుసు. గోలు వెనకాల దూరంగా కూర్చుని, ఆట మొదలు నుంచి చివరిదాకా అరుస్తుంది.

“సరిగ్గా చెప్పవే, ఏమైంది?” అంది సూదమ్మ.

“మీ జుంటయ్యే! అడవిపంది కోరలప్పతో, అడవిదున్న మూపురస్వామితో చేతులు కలిపాడు. మైదానం చుట్టూ రేగుకంప నాటేశారు. ఇక ఈ మూడు పెద్ద జట్లే ఆడుకుంటాయట. సాయంత్రం మొదటి ఆటట. చూడాలంటే తలకో బుట్టెడు పళ్ళు పట్టుకు రావాలట!”

“సాయంత్రమా? సాయంత్రం మనకి కుందేళ్ళతో ఆట కదే?”

“ఆ ఆట లేదుట. ఇంకెప్పటికీ లేదుట.”

అదిగో, అసలు కిటుకు అక్కడుంది. ఆ అడవిలో ఏటా పై మూడు జట్లలో అడుగున పడ్డ జట్టు, కింది జట్లన్నిట్లో గెలిచిన చిన్న జట్టుతో ఒక ఆట ఆడాలి. ఓడితే కిందికి దిగాలి. గెలిచిన చిన్న జట్టు పైకి ఎక్కుతుంది. ఈ ఏడు అడుగున పడ్డది జుంటయ్య జట్టు. కింద గెలిచి నిలబడ్డది రాళ్ళగుట్ట కుందేళ్ళ జట్టు. దాని నాయకుడు గరిక. గడ్డిపరకలా ఉంటాడు కానీ పరిగెడితే కంటికి ఆనడు. వాళ్ళ తాతల కాలం నుంచీ రాళ్ళగుట్ట పైకి ఎక్కింది లేదు. ఇప్పుడు ఒక్క ఆట దూరంలో ఉంది.

జుంటయ్యకి ఆ ఆట తలుచుకుంటేనే తేనె చేదెక్కింది. సరిగ్గా అప్పుడే, ముందురోజు, నెమలి పింఛాలరావు పొరుగు అడవి నుంచి దిగాడు. పింఛం విప్పి మరీ దిగాడు.

“ఇంత పెద్ద జట్టు పెట్టుకుని కుందేళ్ళకి భయపడతారేమిటండీ జుంటయ్య గారూ?” అన్నాడు.

“ఓడితే దిగాలి కదండీ మరి.”

“దిగడమనేదే లేకుండా చేస్తే? మీరు ముగ్గురూ ఒక లీగు పెట్టుకోండి. మహారాజ లీగు! అందులో ఓడినా ఓడినట్టు కాదు. ఎప్పటికీ మీరు పైనే. చుట్టూ కంప నాటండి, వాకిట్లో పళ్ళబుట్టలు పుచ్చుకోండి. నాలుగు బుట్టలకి ఒకటి నాకు చాలు.”

“మావాళ్ళకి కోపం వస్తుందేమో?”

“వస్తుందండీ. మూడు రోజులుంటుంది. ఆట మీద ప్రాణం ఉన్నవాళ్ళు ఎక్కడికి పోతారు? వాళ్ళే వస్తారు, బుట్టతో సహా!”

జుంటయ్య చెవులకి ఒక్క మాటే వినబడింది, ఎప్పటికీ పైనే అని. సరేనన్నాడు. ఊరుమ్మడి బంతి ఆ ఏడు వాడి దగ్గరే ఉంది. దాన్ని చంకన పెట్టుకుని కంప లోపలికి వెళ్ళిపోయాడు. చేసిన తప్పు అదీ.

తీతువు మాట విని సూదమ్మ నేరుగా కంప దగ్గరికి పోయింది. వెనకాల అడవంతా పోయింది. కుందేళ్ళు, ఉడుతలు, జింకలు, పెద్ద ముంగిసలు, పిల్ల ముంగిసలు.

“ఒరేయ్ తమ్ముడూ, బయటికి రా!” అంది సూదమ్మ.

జుంటయ్య కంప మీదనుంచి తల బయటపెట్టాడు. “ఏమిటక్కా పొద్దున్నే?”

“ఆ బంతి ఎవరిదిరా?”

“నాదే. దూది నేను తెప్పించాను, నార నేను చుట్టించాను.”

“సరే, తన్నే బంతి నీదే అనుకో. తినే బంతి ఎవరిది?”

“అదీ ఉంటుందిలే. లోపల పెడతాం,” అన్నాడు జుంటయ్య.

“మాకా?”

“బుట్ట తెచ్చినవాళ్ళకి.”

గరిక ముందుకొచ్చాడు. “జుంటయ్య మావా, మమ్మల్ని ఓడించి పంపించు, తలొంచుకుని పోతాం. ఆడకుండా పొమ్మంటే ఎట్లా పోయేది?” అన్నాడు.

జుంటయ్య వాడి మొహం చూడలేక తల లోపలికి లాక్కున్నాడు.

జనానికి ఒళ్ళు మండింది. ముంగిసలు రాళ్ళు ఏరుకున్నాయి. జింకలు కంపని కొమ్ములతో కుమ్ముతామన్నాయి. సూదమ్మ ఒళ్ళు విదిలించింది. ముళ్ళన్నీ గలగలలాడాయి. అందరూ సద్దుమణిగారు.

“రాయి వేస్తే వాడికి కోపమొస్తుంది, బుద్ధి రాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుందాం. కానీ ఆట చూడొద్దు. అరవొద్దు. వీపులు తిప్పి కూర్చుందాం,” అంది.

“అరవకుండా నువ్వుండగలవా సూదమ్మా?” అన్నాడో ముంగిస.

“పళ్ళు బిగపట్టుకుంటానురా. నువ్వు నీ సంగతి చూసుకో!”

అందరూ నవ్వుతూనే వరసగా కూర్చున్నారు, మైదానానికి వీపు పెట్టి.

సాయంత్రమైంది. లోపల జుంటయ్య జట్టుకీ కోరలప్ప జట్టుకీ ఆట మొదలైంది. తీతువు రానంది కాబట్టి ఈల కూడా పింఛాలరావే వేశాడు. జుంటయ్య జట్టులో అందరూ కొండముచ్చులే. వాళ్ళు మొదటి గోలు కొట్టారు. కొట్టినవాడు చేతులెత్తి కంపవైపు పరిగెత్తాడు. అవతల అన్నీ వీపులే. వాడు చేతులు దించేసుకున్నాడు. రెండో గోలు పడింది. కోరలప్ప ఆవులించాడు. మూడో గోలు పడ్డప్పుడు కొట్టినవాడు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. తల గోక్కుంటూ నడుచుకుపోయాడు.

ఆట అయ్యింది. లోపల గుండిగలు పొయ్యి మీంచి దించారు. వెదురుబియ్యం అన్నం, దుంపల పులుసు, పుట్టగొడుగుల వేపుడు. అడ్డాకులు పరిచారు. జుంటయ్య ఏడాది తర్వాత గెలిచాడాయె! మీసం దువ్వుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

“కానీ కోరలప్పా, వడ్డించు,” అన్నాడు.

“నేనెందుకు వడ్డిస్తానయ్యా?” అన్నాడు కోరలప్ప.

“ఓడావు కదా?”

“ఎవరు ఓడింది? ఇక్కడ ఓడినా ఓడినట్టు కాదని రాసుకున్నామా లేదా? నేను వచ్చిందే అందుకు!”

జుంటయ్య పింఛాలరావు వైపు చూశాడు. పింఛాలరావు గొంతు సవరించుకున్నాడు. “ఆయన చెప్పింది సబబేనండీ. మన లీగులో ఓడినవారు ఉండరు.”

“అంటే నేను గెలవలేదా?”

“ఓడినవారు లేనప్పుడు గెలిచినవారు ఎక్కణ్ణుంచి వస్తారండీ? ఆ పేచీయే ఉండదు.”

“మరి వడ్డించేదెవరు?” అని అరిచాడు మూపురస్వామి. ఆకలికి ఆయన కడుపు ఉరుముతోంది.

ఎవరూ లేవలేదు. ముగ్గురు పెద్దలూ ఖాళీ ఆకుల ముందు కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నం మీద ఆవిరి తగ్గింది. పులుసు మీద తెట్టు కట్టింది. చీమలు వరస కట్టి వచ్చాయి. ఆ రోజు లోపల బంతిగా కూర్చుని తిన్నవి అవే.

జుంటయ్య లేచి కంప దగ్గరికి వెళ్ళాడు. సందులోంచి బయటికి చూశాడు. వీపుల వరస పొడవునా సాగింది. పొద్దున్నుంచి ఎవరూ ఏమీ తిన్నట్టు లేదు. ఆ వరసలో సూదమ్మ పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. అక్కడ కాస్త జరిగి ఎవరైనా కూర్చోవచ్చు. ఎవరూ కూర్చోలేదు. అది జుంటయ్య చోటు.

వాడికి గుండెలో ముల్లు దిగినట్టయింది. ఇన్నేళ్ళుగా పక్కన కూర్చున్నా గుచ్చుకోని ముల్లు!

బంతి చంకలో పెట్టుకున్నాడు. వాకిలి దాకా పోయే ఓపిక కూడా లేకపోయింది. కంపని చీల్చుకుని అడ్డంగా బయటికి వచ్చాడు. బొచ్చంతా రేగుముళ్ళే.

“సూదక్కా, నేను ఓడిపోయాను,” అన్నాడు.

సూదమ్మ తిరగలేదు. “ఎవరి చేతిలోరా?”

“మీ వీపుల చేతిలో. రండి, నేనే వడ్డిస్తాను.”

“ఆడకుండా ఓడితే అది ఏం ఓటమిరా? ముందు ఆడు.”

జుంటయ్య గరిక దగ్గరికి వెళ్ళి బంతి వాడి ముందు పెట్టాడు. “ఇంకా వెలుతురుంది. రా అల్లుడూ, ఆడదాం,” అన్నాడు.

పిల్లలూ, అప్పుడు పుట్టింది చూడండి ఒక కేక! పొద్దున్నుంచి బిగపట్టుకున్న కేక! జింకలు కంపని లాగిపారేశాయి. తీతువు ఈల వేసింది. సూదమ్మ పరుగున పోయి గోలు వెనకాల కూర్చుంది.

అబ్బబ్బ, ఏం ఆట అది! కొండముచ్చులు ఎగిరి ఒక గోలు కొట్టాయి. కుందేళ్ళు కాళ్ళ సందుల్లోంచి దూరి ఒకటి కొట్టాయి. వెలుతురు సన్నగిల్లింది. అంతలో గరిక బంతి దొరకబుచ్చుకుని ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకణ్ణి తప్పించాడు, బంతిని గోల్లోకి నెట్టి తనూ దాని వెనకాలే దొర్లిపోయాడు. తీతువు ఈల వేసేసింది. రాళ్ళగుట్ట పైకి ఎక్కింది. వాగుగట్టు కిందికి దిగింది.

సూదమ్మ ఏడ్చింది. ప్రాణం పెట్టిన జట్టు కదా, ఏడవదా? జుంటయ్య వచ్చి కాస్త దూరంలో నిలబడ్డాడు.

“దిగిపోయాం అక్కా.”

“కనబడుతూనే ఉందిరా. మళ్ళీ ఎక్కుదాం. ఈసారి ఆ కొండముచ్చులకి కింద చూసి తన్నడం నేర్పించు. పద, అన్నం వేడిచెయ్యి. జనం చస్తున్నారు ఆకలితో.”

జుంటయ్య గుండిగలు మళ్ళీ పొయ్యెక్కించాడు. అడ్డాకులు మైదానం ఈ చివర నుంచి ఆ చివరిదాకా పరిచారు. కోరలప్ప, మూపురస్వామి మెల్లగా వచ్చి వరస చివర నిలబడ్డారు.

“మాకేమైనా చోటుందా?” అన్నాడు కోరలప్ప నేల చూస్తూ.

“చోటుకేం. ఓడితే వడ్డిస్తావా మరి?” అంది సూదమ్మ.

“నా వంతు రానీ, నెయ్యి కూడా వేస్తా.”

జుంటయ్య ఒక్కొక్క ఆకులో వడ్డించుకుంటూ వచ్చాడు. గరిక ముందు ఆగి రెండు గరిటెలు ఎక్కువ వేశాడు. “తిను. తిన్నాక నా ఎంగిలాకు ఎత్తాలిగా, బలం కావాలి నీకు,” అన్నాడు. నిజమే మరి, ఎలుగుబంటి ఆకంటే కుందేలుకి దుప్పటంత ఉంటుంది! గరిక పొట్ట పట్టుకుని నవ్వాడు.

పింఛాలరావు దూరంగా కొమ్మ మీద నిలబడి ఉన్నాడు. ఒక్క బుట్టా రాలేదు. ఆకలి మాత్రం వచ్చింది.

“దిగవయ్యా పింఛాలరావూ, నువ్వూ కూర్చో. ఆ తోక మడుచుకో, పక్కవాళ్ళ పులుసులో పడుతోంది,” అంది సూదమ్మ.

పింఛాలరావు తోక మడుచుకుని ఒక ముంగిస పక్కన ఒదిగి కూర్చున్నాడు.

వడ్డన అయిపోయింది. జుంటయ్య గరిటె పట్టుకుని బంతి చివర నిలబడిపోయాడు. అందరి ఆకుల్లో అన్నం ఉంది. ఎవరూ ముద్ద కలపడం లేదు.

“ఏం, ఉప్పు తక్కువైందా?” అన్నాడు బెదురుగా.

“ఇక్కడ నీ అన్నం చల్లారిపోతోందిరా,” అంది సూదమ్మ.

తన పక్కన ఒక ఆకు వేసి, తనే వడ్డించి పెట్టింది. జుంటయ్య గరిటె కింద పెట్టి వచ్చి, ఆ చోటులో కూర్చున్నాడు. అప్పుడు అందరూ కలిసి మొదటి ముద్ద ఎత్తారు.

నీతి: కిందికి దిగుతామన్న భయంతో నలుగురినీ బయటికి నెట్టి కంప కట్టుకుంటే, ఓటమితో పాటు గెలుపూ పోతుంది, కలిసి తినే కూడూ పోతుంది. ఓడటానికి సిద్ధపడ్డవాడికే ఆటలోనూ బంతిలోనూ చోటు.