పోటా, తీపా?

జకరయ్య మాస్టారికి ఎవరేం అడిగినా నేరుగా జవాబు చెప్పే అలవాటు లేదు. గుంతకల్లు రైల్వే కాలనీ మైదానంలో ఆయన ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవాడు. ఈల వేశాడంటే బళ్ళారి పోయే రైళ్ళు సైతం ఒక్క క్షణం ఆగి, తమను కాదులే అనుకుని కదిలేవి. ఆటకు ముందూ తర్వాతా పిల్లలందరూ నేల మీద కూర్చుని, గట్టి ఫోమ్ రోలరు మీద పిక్కలూ తొడలూ ఆనించి నెమ్మదిగా దొర్లించాలి. పిల్లలు దానికి రోకలి అని పేరు పెట్టారు. ఆయన ఒక్కొక్కరి దగ్గరా వంగి, "కాలు ఏమంటోంది?" అని అడిగేవాడు. తీపు అంటే నవ్వి ముందుకు పోయేవాడు. నిన్న పరిగెత్తిన కాలికి ఇవాళ తీపు ఉండక ఇంకేముంటుంది? పోటు అంటే మాత్రం ఆ పిల్లకు ఆ వారం బెంచీయే గతి.

హంపమ్మకు పదిహేనేళ్ళు. బంతితో పరుగందుకుంటే దాని నీడ వెనకబడి ఆయాసపడేది. పిల్లలకు మజ్జిగ పోయడానికి రోజూ మైదానానికి పోయేదాన్ని, నేను కళ్ళారా చూశాను. ఆ ఆదివారం ఫైనల్. జిల్లా జట్టుకు పిల్లల్ని ఏరేవాళ్ళు వస్తున్నారు. సరిగ్గా ఆ వారమే దాని కుడి తొడ వెనక ఏదో పట్టేసింది. మాస్టారు అడిగినప్పుడల్లా, "ఏమీ అనట్లేదు సార్" అనేది, పళ్ళ బిగువున.

ఒక సాయంత్రం ఉండబట్టలేక రోలరును అవతలికి తోసి అడిగేసింది: "ఈ రోకలి దొర్లిస్తే దెబ్బ తగలకుండా ఉంటుందా సార్? నిజం చెప్పండి."

మాస్టారు మజ్జిగ చెంబుతో గోడ పక్కన నిలబడ్డ నా వైపు తిరిగి, "అవ్వా, ఇట్లా వచ్చి కూర్చో" అన్నాడు.

మాస్టారు నా పిక్కను ఆ రోలరు మీద ఆనించి దొర్లించాడో లేదో, నేను పెట్టిన కేకకు కాలనీ కుక్కలన్నీ గుత్తి దాకా పారిపోయాయి. "అయ్యో సామీ, ఈడ సలుపుతాండాది! ఇంకొంచెం కిందికి పో... ఆ, ఈడ గుంజుతాండాది. ఇది తీపులే, నేను పుట్టకముందు నుంచీ ఉండేదే. ఓరి నాయనో, మడమ పైన పోటు, పోటు! ఆపప్పా!"

పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. "అవ్వకు నోరే కాదు, కాలు కూడా ఆగదే!" అంది ఒక పోకిరి పిల్ల.

మాస్టారు నవ్వలేదు. హంపమ్మను చూసి, "అవ్వ కాలికి ఇన్ని మాటలొచ్చు. నీ కాలు ఇప్పుడే మూగబోయిందా?" అన్నాడు.

ఆ పిల్ల రోలరును దగ్గరికి లాక్కుంది. తొడ ఆనించి మెల్లగా దొర్లించింది. ఒకచోట ఆగిపోయింది. ఆ కాసేపూ ఊళ్ళో ఒక్క రైలు కూడా కూయలేదు.

"పోటు, సార్."

ఆ మాటతో ఆదివారం పోయినట్టేనని దానికి తెలుసు. మాస్టారు దాన్ని సైకిలెక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. కండ చిరగబోతోందనీ, ఇంకొక్క పరుగు తీసి ఉంటే ఏడాదంతా మంచమేననీ డాక్టరు చెప్పాడట.

ఆదివారం హంపమ్మ బూట్లు తొడుక్కుని, లేసులు కూడా బిగించుకుని బెంచీ మీద కూర్చుంది. తను ఆడే కుడి వైపు ఖాళీ జాగాలోకి బంతి వచ్చి, అందుకునే మనిషి లేక గీత దాటిపోయినప్పుడల్లా దాని పాదం మట్టిలో కదిలేది. అది చూసిన చూపుకు ఆ బంతి తనంతట తానే వెనక్కి రావలసింది, ఎందుకో రాలేదు. మనవాళ్ళు ఓడిపోయారు. ఏరేవాళ్ళు ఎవరినో ఏరుకుని వెళ్ళిపోయారు.

మైదానం ఖాళీ అయ్యాక మాస్టారు వచ్చి దాని పక్కన కూర్చున్నాడు. "ఏమంటోంది?" అన్నాడు, ఎప్పటిలాగే.

"తీపు, సార్."

"ఎక్కడ?"

"కాల్లో కాదు" అంది హంపమ్మ, గోలు కేసి చూస్తూ.

మాస్టారు రోలరును సంచిలో వేసుకుని లేచాడు.

"దాన్ని ఉండనీ తల్లీ. దానికి రోకలి వద్దు."