నేలకు బిగించిన కుర్చీలు

కాకినాడలో పరాంకుశం అనే ఆర్కిటెక్టు ఉండేవాడు. పనిలో దిట్టే కాని, తాను గీసిన గీతే వేదమనే మొండితనం ఆయనది. ఆయన కట్టిన గోడలకు నగిషీలుండేవి కావు, స్తంభాలకు పువ్వులుండేవి కావు. తిన్నని కాంక్రీటు, వెడల్పాటి కిటికీలు, ధారాళంగా గాలి, అంతే. ఆ ఇళ్లలోకి బల్లలూ కుర్చీలూ కూడా తానే గీసి చేయించేవాడు. వాటిని ఎవరైనా అంగుళం జరిపితే ఆయనకు ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది.

ఆ ఊరి సంగీత సభవాళ్లు కొత్త హాలు కట్టే పని ఆయనకు అప్పగించారు. "ఇది కుదిరితే మా సంగీత పాఠశాల కూడా మీచేతే కట్టిస్తాం," అన్నారు సభ అధ్యక్షురాలు దమయంతిగారు. పరాంకుశానికి ఆ పాఠశాల మీద ఎన్నాళ్లనుంచో మనసు. పిల్లలు పాడుకునే గదులను ఊహలో ఎప్పుడో కట్టేసుకున్నాడు కూడా.

హాలు దివ్యంగా వచ్చింది. కుర్చీలను సన్నని ఉక్కు గొట్టాలతో, పేము అల్లికతో చేయించాడు. కూర్చునే చోటు ఇరుకు. చేతులానించడానికి రెండు పక్కలా ఉక్కు కమ్ములు. వరస చెదరకుండా కుర్చీలన్నింటినీ నేలకు బోల్టులతో బిగించేశాడు.

భార్య సుభాషిణి చూసి, "మీరొకసారి కూర్చుని చూశారాండీ?" అని అడిగింది.

"చూడ్డానికేముంది? కుర్చీ అన్నాక ఎవరైనా కూర్చుంటారు," అన్నాడు.

ప్రారంభం రోజున హాలు నిండిపోయింది. విద్వాంసుడు రాగం ఎత్తుకున్నాడు. ఆ సభ శ్రోతలకు ఒక అలవాటుంది. పాట రుచించిందంటే కాళ్లు కిందపెట్టి కూర్చోరు. చెప్పులు విడిచి, కుర్చీలోనే బాసింపట్టు వేసుకుని, తొడమీద తాళం వేస్తారు. ఈ కుర్చీల్లో కాలు మడుద్దామంటే కమ్ములు అడ్డం. ఒకాయన కాసేపు మెసిలి, లేచి గోడవారన నేలమీద చతికిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఒక కుటుంబం. పల్లవి అందుకునేసరికి సగం సభ నేలమీదే ఉంది.

"ఎంత మొరటు జనం!" అని పరాంకుశం పళ్లు నూరాడు. అంతలో పాట ఆయననూ లాక్కుపోయింది. తెలియకుండానే కుడికాలు పైకి లేచింది. మోకాలు కమ్మికి ఠంగున తగిలి, కళ్ల నీళ్లు తిరిగాయి. పక్కనున్న సుభాషిణి అది చూసి, తాను వెళ్లి కింద కూర్చుని, పక్కన కాస్త చోటు చూపించింది. సిగ్గుతో చచ్చిపోతూ ఆయనా వెళ్లి కూర్చున్నాడు.

కచేరీ అయ్యాక దమయంతిగారు వచ్చారు. "హాలు బంగారంలా ఉంది పరాంకుశంగారూ. పాఠశాల మాత్రం వేరేవాళ్లకిస్తాం, ఏమీ అనుకోకండి. అక్కడ పిల్లలు రోజంతా కూర్చోవాలి."

"మీ అలవాటేమిటో ముందే చెప్పకపోయారా?" అన్నాడు పరాంకుశం.

"మీరు అడిగితేగా!" అన్నారావిడ.

మర్నాడే ఆయన బోల్టులు విప్పించి, కమ్ములు కోయించాడు. శ్రోతలు సంతోషించారు. పాఠశాలను మాత్రం మరొకరు కట్టారు. ఆ వీధిన వెళ్లినప్పుడల్లా పిల్లల పాట వినిపించి, పరాంకుశానికి ప్రాణం ఉసూరుమనేది.

నీతి: వాడుకునేవారిని అడగకుండా చేసిన వస్తువు ఎంత అందమైనదైనా, అది చేసినవాడి ముచ్చట తీరుస్తుందే తప్ప ఎవరి అవసరమూ తీర్చదు.